‘గాలోగ్లాస్’ మాటకు మీరిచ్చిన అర్థం గురించి

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ నాటకం మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. నాటకం కథని, పాత్రల్ని మీ రచయిత చాలా బాగా పరిచయం చేశారు. కానీ వ్యాసం చివర బాక్సులో కష్టమైన మాటలకు అర్థాలిచ్చిన చోట ‘గాలోగ్లాస్’ దగ్గర నాకు చాలా బాధ కలిగింది. ఇంగ్లిష్‌లో ఉరికంబానికి ఉన్న మాట, గాజుకి ఉన్న మాట కలిసి అది ఏర్పడిందని రాశారు. గాజులా మెరిసే గొడ్డలితో తలలు నరికే సైనికుడని అర్థం చెప్పారు. పైగా ఐర్లాండ్‌ని ఆక్రమించుకున్న విదేశీ సైన్యానికి అది పేరన్నారు. ఈ మూడూ తప్పే. ఆ బాక్సు కత్తిరించి నోట్సులో అంటించుకునే విద్యార్థులు ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నేను ఐర్లాండ్ వాయవ్య మూలన డోనెగాల్ కౌంటీలో, లెటర్‌కెన్నీలో ఉంటాను. వృత్తి నర్సింగ్. మా అబ్బాయి స్కూల్లో ఐరిష్ భాష తప్పనిసరి. వాడి హోంవర్క్‌లో సాయం చేద్దామని నేను కూడా సాయంత్రం క్లాసులో చేరాను. ఇప్పుడు వాడికంటే నాకే దాని మీద ఎక్కువ ఇష్టం. చిన్నప్పుడు తెలుగు సంధులు, విభక్తులు ఇష్టపడి చదువుకున్న వాళ్ళెవరికైనా ఈ భాష వ్యాకరణం తెలిసినదానిలా అనిపిస్తుంది. ఎందుకో కింద చెబుతాను.

ముందు మాట సంగతి. అసలు మాట ‘గలోగ్లఖ్’. చివరి ‘ఖ్’ని మన ఖకారంలా కాకుండా గొంతులో రాపిడితో పలకాలి. ఇందులో రెండు ముక్కలున్నాయి, ‘గల్’, ‘ఓగ్లఖ్’. రెండూ అచ్చమైన ఐరిష్ మాటలు. ఉరికంబం లేదు, గాజు లేదు.

‘గల్’ అంటే పరాయివాడు. ఈ ఒక్క మాటలో ఐర్లాండ్ చరిత్ర సగం ఉంది. మొదట్లో గాల్ దేశస్థుడు, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం మనిషి అని అర్థం. తొమ్మిదో శతాబ్దంలో నార్వే, డెన్మార్క్‌ల వైపు నుంచి వైకింగులు వచ్చి తీరం వెంబడి స్థిరపడ్డాక గల్‌లంటే వాళ్ళే అయ్యారు. వాళ్ళలోనే తెల్ల గల్‌లు, నల్ల గల్‌లు అని తేడా చూపేవారు. ఇక్కడ చాలా మందికి ఉన్న డోయల్ అనే ఇంటిపేరు ఆ ‘నల్ల గల్’ నుంచి వచ్చిందే. 1169లో ఇంగ్లండ్‌ని ఏలుతున్న నార్మన్లు దిగాక వాళ్ళకీ అదే పేరు పెట్టారు. తర్వాత ఇంగ్లిష్ వాళ్ళకి. మనుషులు మారుతూ వచ్చారు, మాట మాత్రం అలాగే నిలబడింది. దానికి ఎదురు మాట ‘గేల్’, అంటే ఐరిష్ వాడు, తమవాడు.

స్కాట్లాండ్‌కి పడమటి సముద్రంలో ఉన్న హెబ్రిడీస్ ద్వీపాలు చాలా కాలం నార్వే వాళ్ళ ఏలుబడిలో ఉన్నాయి. అందుకని ఐరిష్ వాళ్ళు వాటిని ‘ఇన్షె గల్’ అన్నారు, గల్‌ల ద్వీపాలు అని. గలోగ్లఖ్‌లోని గల్ ఈ ద్వీపాల వాడు. విచిత్రం ఏమిటంటే, ఆ వచ్చిన యోధుల పూర్వీకుల్లో వైకింగులున్నా వాళ్ళు మాట్లాడింది గేలిక్ భాషే. ఐర్లాండ్‌లో దిగితే దుబాసీ అవసరం ఉండేది కాదు. పేరులో ఉన్న పరాయితనం వాళ్ళు వచ్చిన చోటుని బట్టి వచ్చింది, భాషని బట్టి కాదు.

ఇక ‘ఓగ్లఖ్’. ‘ఓగ్’ అంటే చిన్న వయసు, యువ అని. దాని చివరున్న ‘లఖ్’ మనుషుల్ని తెలిపే ప్రత్యయం. ఇల్లు అనే మాటకి ఇదే తగిలితే ఇంటివాళ్ళు, కుటుంబం అనే అర్థం వస్తుంది. ఓగ్లఖ్ అంటే మొదట పడుచువాడు, తర్వాత ప్రభువు దగ్గర కొలువున్న కుర్రాడు, ఆపైన ఆయుధం పట్టిన వాడు. మన ‘బంటు’ కూడా అంతే కదా, సేవకుడూ అతనే, యోధుడూ అతనే. మొత్తం కలిపితే గలోగ్లఖ్ అంటే ద్వీపాల నుంచి వచ్చిన పరదేశపు బంటు. అది ఒక వృత్తి పేరు. కమ్మరి, వడ్రంగి అన్నట్టే.

ఇక్కడి నుంచి వ్యాకరణం. మీ పాఠకులకు ఇది నచ్చుతుందని నా నమ్మకం, కాబట్టి కాస్త ఓపిక పట్టమని అడుగుతున్నాను.

డోనెగాల్ అనే మా కౌంటీ పేరు ఇంగ్లిష్ వాళ్ళ రాత. ఇక్కడి రోడ్డు బోర్డుల మీద పైన ఐరిష్‌లో ‘దూన్ న ఙల్’ అని ఉంటుంది. దూన్ అంటే కోట. పరాయివాళ్ళ కోట అని పేరు. మన వర్ణమాలలో ‘ఙ’ ఉంది చూడండి, పిల్లలు అప్పజెప్పడం తప్ప ఎక్కడా రాయరు, దానితో ఇక్కడ మాటే మొదలవుతుంది. ‘గల్’ కాస్తా ‘ఙల్’ ఎందుకయింది? ఐరిష్‌లో ‘న’ అనే ఉపపదం (ఇంగ్లిష్‌లో ‘ది’ లాంటిది) షష్ఠీ బహువచనానికి ముందు వస్తే తర్వాతి మాట మొదటి హల్లు మారుతుంది. క అయితే గ అవుతుంది, త అయితే ద, ప అయితే బ. అప్పటికే సరళమైన గ అయితే ఙ, ద అయితే న, బ అయితే మ.

క్లాసులో టీచరు ఈ పట్టిక బోర్డు మీద రాసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఇది మన సరళాదేశ సంధి! పూచెను, కలువలు కలిస్తే పూచెఁ గలువలు. ముందు మాట చివర ద్రుతం, అంటే నకారం, ఉండబట్టి క వెళ్ళి గ అయింది. ఐరిష్‌లో కూడా కారణం అదే. చాలా పాత కాలంలో ఆ ఉపపదం చివర అనునాసికం ఉండేది. అది అరిగిపోయి కనబడకుండా పోయింది కానీ, తర్వాతి హల్లు మీద దాని ముద్ర మిగిలిపోయింది. మన ద్రుతం లోపించి అరసున్నగా మిగిలినట్టే. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు, మధ్యలో అంత దూరం, అయినా నోరు పలికే తీరు ఒకటే దారి పట్టింది. రాతలో ఐరిష్ వాళ్ళు ఇంకో మంచి పని చేస్తారు. మారిన ధ్వని అక్షరాన్ని ముందు పెట్టి, అసలు అక్షరాన్ని దాని పక్కనే ఉంచుతారు. పలికేది కొత్తది, కంటికి రెండూ కనిపిస్తాయి. ఊరి పేరయితే ముందు చిన్న అక్షరం, దాని వెనక అసలు మాట తాలూకు పెద్ద అక్షరం. మాట ఏ మూలం నుంచి వచ్చిందో ఎవరూ మర్చిపోయే వీల్లేదు.

ఇప్పుడు గలోగ్లఖ్‌ని విభక్తుల్లో నడిపిద్దాం. ప్రథమా ఏకవచనం ‘అన్ గలోగ్లఖ్’, ఆ యోధుడు. అది పుంలింగం కాబట్టి ఇక్కడ మార్పేమీ లేదు. షష్ఠీ ఏకవచనం ‘అన్ ఘలోగ్లీ’, ఆ యోధుడి అని. ఇక్కడ రెండు మార్పులు జరిగాయి. చివర లఖ్ పోయి లీ అయింది, మన ఇల్లు ‘ఇంటి’, ఏరు ‘ఏటి’ అయినట్టు. మొదట గ కాస్తా మెత్తబడి గొంతులో రాసుకునే ఘ లాంటి ధ్వని అయింది. ప్రథమా బహువచనం ‘న గలోగ్లీ’, ఆ యోధులు. షష్ఠీ బహువచనం ‘న ఙలోగ్లఖ్’, ఆ యోధుల.

గమనించారా? ఏకవచనం ప్రథమ రూపమే షష్ఠిలో బహువచనం. ఏకవచనం షష్ఠి రూపమే ప్రథమలో బహువచనం. ఇక చివర చూసి ఒకడా, పలువురా తేల్చడం కుదరదు. మొదటి హల్లు, దాని ముందున్న ఉపపదం చూడాలి. ‘తూఅ’ అంటే గొడ్డలి. ‘తూఅ అన్ ఘలోగ్లీ’ అంటే ఆ యోధుడి గొడ్డలి. ‘తూఅన్న న ఙలోగ్లఖ్’ అంటే ఆ యోధుల గొడ్డళ్ళు. ఘ, ఙ ల మధ్య తేడా వినబడకపోతే అర్థం తారుమారవుతుంది. స్కూలు పిల్లలకి ఈ షష్ఠీ విభక్తి అంటేనే టెన్షన్. మా అబ్బాయికి మాత్రం మన పద్ధతిలో చెప్పాను, ‘ఇల్లు, ఇంటి’ అని. చప్పున పట్టుకున్నాడు.

కుదిరితే ఇంకొకటి చెప్పాలి. మనం రెండు పుస్తకాలు అంటాం, ఇద్దరు మనుషులు అంటాం. మనుషులకి అంకెలు వేరు. ఇంగ్లిష్‌లో ఇది లేదు, హిందీలో లేదు. ఐరిష్‌లో ఉంది! వస్తువులకి ఒక అంకె, మనుషులకి ‘బెర్చ్’ (ఇద్దరు), ‘త్రూర్’ (ముగ్గురు), అలా పదిమంది దాకా విడి మాటలున్నాయి. ఇద్దరు యోధులనాలంటే ‘బెర్చ్ ఘలోగ్లఖ్’. మా క్లాసులో ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు దీని దగ్గర చాలా ఇబ్బంది పడ్డారు. నాకు అసలు నేర్చుకున్నట్టే లేదు.

ఇక ఇంగ్లిష్‌లో ఆ గాజు ఎక్కడి నుంచి వచ్చింది? ఐరిష్ మాటని ఇంగ్లిష్ అధికారులు చెవితో విని తమ అక్షరాల్లో రకరకాలుగా రాసుకున్నారు. దాని చివర తమ బహువచనపు ‘స్’ తగిలించారు. ఇంగ్లిష్ నోటికి కష్టమైన ఆ గొంతు ధ్వని మధ్యలో నలిగి పోయింది. మిగిలింది ‘గాలోగ్లాస్’. కొన్నాళ్ళకి ఆ ‘స్’ బహువచనమన్న సంగతి కూడా మర్చిపోయి, దాన్నే ఏకవచనం అనుకుని, దాని మీద ఇంకో బహువచనం చేర్చారు. మనం బూట్సు అని తెచ్చుకుని మళ్ళీ ‘బూట్సులు’ అంటాం కదా, అచ్చం అలాగే. మాక్బెత్ మొదటి అంకం రెండో రంగంలో గాయపడిన సైనికుడు చెప్పే మాటల్లో ఉన్నది ఈ జంట బహువచనమే. ఆ సైనికుడు ఏమంటాడో మరోసారి చూడమని మీ రచయితకు నా మనవి. తిరుగుబాటుదారుడికి కెర్న్‌లు, గాలోగ్లాస్‌లు ‘పడమటి ద్వీపాల’ నుంచి వచ్చారంటాడు. అవే హెబ్రిడీస్, అవే ఇన్షె గల్. నాటకంలోనే మాట పుట్టిల్లు ఉంది.

పక్కనే ఉన్న ‘కెర్న్’ కథ కూడా ఇలాంటిదే. ఐరిష్‌లో ‘కెహర్న్’ అంటే తేలికపాటి ఆయుధాలతో తిరిగే కాల్బలం గుంపు. అది స్త్రీలింగం, సమూహవాచకం. అందులో ఒక్క మనిషిని చెప్పాలంటే ‘కెహర్నఖ్’ అనాలి. ఇంగ్లిష్ వాళ్ళు గుంపు పేరుని ఒక్క మనిషికి పెట్టేశారు. ఈ రోజు ఐరిష్‌లో చదరంగం ఆడేటప్పుడు ముందు వరసలోని బంటుని కెహర్నఖ్ అనే అంటారు.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తాను. ఆక్రమణ సైన్యం అన్నారు. నిజానికి వీళ్ళని పిలిపించుకున్నది ఐరిష్ రాజులే, ఆక్రమణదారుల మీద పోరాడటానికే. నార్మన్లకు గుర్రాలు, ఇనుప కవచాలు, కోటలు ఉండేవి. వాళ్ళ రౌతుల ధాటికి తట్టుకుని నేల మీద నిలబడే పదాతి దళం ఐరిష్ రాజుల దగ్గర లేదు. 1259లో పడమటి ఐర్లాండ్‌లోని కనాక్ట్ రాజు ఫేలిం ఓ కానర్ కొడుకు, ‘ఏ’ అనే పేరున్నవాడు, డెర్రీ వెళ్ళి ద్వీపాల రాజు డూగల్ మాక్ రోరీ కూతుర్ని పెళ్ళాడాడు. పెళ్ళికూతురితో పాటు 160 మంది యోధులు వచ్చారు. నాటి వృత్తాంతాల్లో లెక్క ‘ఎనిమిది ఇరవైలు’ అని ఉంది, ఐరిష్‌లో ఇరవైలతో లెక్కపెట్టడం అలవాటు. వాళ్ళ నాయకుడు డూగల్ సోదరుడే. తర్వాత 1290లో ఇక్కడి ఓ డొనెల్ వంశంలో అన్నదమ్ముల గొడవ వచ్చినప్పుడు, ఒకడు తన తల్లి పుట్టింటి వాళ్ళయిన మాక్ డొనెల్‌ల బలంతోనూ మరెందరో గలోగ్లఖ్‌ల బలంతోనూ గద్దెనెక్కాడని రాసి ఉంది. మేనమామల బలం అన్నమాట. పెళ్ళిళ్ళు, చుట్టరికాలు, జీతాలు. ఇలా వచ్చారు వాళ్ళు.

వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ వృత్తి తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, కుటుంబాలు దానితోనే పేరు పొందాయి. మాక్ స్వీనీ, మాక్ డొనెల్, మాక్ షీహీ, మాక్ కేబ్, మాక్ డవెల్, మాక్ రోరీ. నేను పనిచేసే వార్డులో స్వీనీ ఇంటిపేరు వారు అడ్మిట్ కాని వారం దాదాపు ఉండదు. ఆ కేస్ షీటు మీద పేరు రాస్తున్న ప్రతిసారీ ఏడు వందల ఏళ్ళ వెనకటి ఆ ఓడలు గుర్తుకొస్తాయి.

మాక్ స్వీనీల గురించి పదహారో శతాబ్దం మొదట్లో ఐరిష్‌లో రాసిన గ్రంథం ఒకటి డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో భద్రంగా ఉంది. వాళ్ళకీ ఓ డొనెల్ ప్రభువుకీ ఉన్న ఒప్పందం వివరాలు అందులో ఉన్నాయి. ఇంత భూమికి ఇద్దరు యోధుల్ని ఇవ్వాలి. ఒక మనిషి తక్కువైతే రెండు ఆవులు జరిమానా, ఒకటి మనిషికి, ఒకటి అతని సామగ్రికి. గొలుసు కవచం ఉన్నవాడు ఒకడుంటే, మెత్తటి దళసరి చొక్కా, శిరస్త్రాణం ఉన్నవాడు ఇంకొకడు ఉండాలి. శిరస్త్రాణం లేకపోతే మాత్రం జరిమానా లేదట, అది లేనివాడి తలే పగులుతుంది కాబట్టి. అంత స్పష్టంగా రాసుకున్న ఉద్యోగం అది.

ఒక్కో యోధుడి వెంట ఒకరిద్దరు కుర్రాళ్ళు నడిచేవారు, ఆయుధాలు మోయడానికి ఒకడు, తిండి చూసుకోవడానికి ఒకడు. దళ నాయకుడిని కాన్‌స్టేబుల్ అనేవారు. 1543లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఇక్కడి ప్రతినిధి ఆంథనీ సెయింట్ లెజర్ రాసిన ఉత్తరంలో వీళ్ళ ప్రస్తావన ఉంది. వీళ్ళు తేలిగ్గా యుద్ధభూమి వదిలిపోరు, చావు దాకా నిలబడతారని ఆయన రాశాడు. ఎదుటి పక్షం వాడే ఆ మాట అన్నాడు. ఇంగ్లిష్ ప్రభుత్వం కూడా ఐర్లాండ్ తూర్పున లీన్‌స్టర్ వైపు కొందరు మాక్ డొనెల్‌లని జీతానికి పెట్టుకుంది. జీతానికి పనిచేసే వాళ్ళు కదా, ఇరు పక్షాలా ఉన్నారు.

ఇందులో మంచి మాత్రమే చూసి రాస్తున్నానని మీరనుకోకూడదు. జీతం డబ్బు రూపంలో తక్కువ, ఎక్కువ భాగం తిండి, బస రూపంలో ఉండేది. రైతుల ఇళ్ళ మీద యోధుల్ని దించేవారు. దీని పేరు ‘బూఅనఖ్త్’. ఆ భారమంతా పేద రైతు మోశాడు. భాష దాన్ని మరిచిపోలేదు. దాని నుంచి వచ్చిన ఇంకో మాటకి ఇప్పటి ఐరిష్‌లో అర్థం ఒకరి మంచితనాన్ని అలుసుగా తీసుకోవడం, చొరవ చేసి మీదపడటం. ఇంట్లో దిగి కదలని సైనికుడిని చూసిన ఇల్లాళ్ళు ఆ అర్థాన్ని ఇచ్చి ఉంటారని నేననుకుంటాను. మీ రచయిత ఆక్రమణ అన్నది ఈ ఇళ్ళ సంగతి మనసులో పెట్టుకుని అయితే ఆ మాట నేను కొంతవరకు ఒప్పుకుంటాను. దేశాన్ని ఆక్రమించడానికి మాత్రం ఐరిష్‌లో వేరే మాటలున్నాయి, వాటి మూలం ‘పట్టుకోవడం’ అనే క్రియ. గలోగ్లఖ్‌తో దానికి సంబంధం లేదు.

వాళ్ళు ఎలా ఉండేవారో చూడాలంటే రోస్కామన్ ఊరి చివరనున్న పాడుబడిన డొమినికన్ మఠానికి వెళ్ళాలి. దాన్ని 1253లో కట్టించింది ఆ ఫేలిం ఓ కానరే, 1259 పెళ్ళికొడుకు తండ్రి. ఆయన రాతి ప్రతిమ కింద పదిహేనో శతాబ్దపు వేరే సమాధి రాళ్ళు తెచ్చి అమర్చారు. వాటి మీద గలోగ్లఖ్‌లు గొలుసు కవచాలు, శిరస్త్రాణాలు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. రాయి బాగా అరిగిపోయింది కానీ గొలుసు అల్లిక ఇంకా తెలుస్తుంది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1521లో ఐరిష్ యోధుల్ని, రైతుల్ని గీసిన బొమ్మ బెర్లిన్‌లో ఉంది. ఇంగ్లండ్‌కి వెనకాల ఉన్న ఐర్లాండ్‌లో యోధులు ఇలా తిరుగుతారని దాని మీద ఆయనే రాశాడు. మీరు సవరణతో పాటు ఏదైనా బొమ్మ వేయాలనుకుంటే అది వేయండి.

వ్యాకరణం తెలియకపోతే చరిత్ర ఎలా దారి తప్పుతుందో ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. మా ఊరికి ఉత్తరాన క్రీస్లో దగ్గర సముద్రపు పాయ ఒడ్డున ‘డో కాసిల్’ అనే కోట ఉంది. మూడు వైపులా నీళ్ళు, నాలుగో వైపు రాతిలో తొలిచిన కందకం. మాక్ స్వీనీల మూడు శాఖల్లో ఒకరిది అది. అటు గాల్వే పక్కన ‘నాక్‌డో’ అనే కొండ ఉంది. అక్కడ 1504 ఆగస్టు 19న పెద్ద యుద్ధం జరిగింది, రెండు పక్షాల్లోనూ గలోగ్లఖ్‌లే ముందు నిలబడి పోరాడారు. నాక్‌డో అంటే గొడ్డళ్ళ కొండ. ఇందులోని ‘డో’ గొడ్డలి అన్న ‘తూఅ’ మాటే, ముందు ‘న’ రావడంతో త వెళ్ళి ద అయింది. ఇంగ్లిష్ రాతలో రెండు చోట్లా డో ఒకటే కనిపించేసరికి పాత ఇంగ్లిష్ రచయితలు కోట వాళ్ళని కూడా ‘గొడ్డళ్ళ మాక్ స్వీనీలు’ అనేశారు. గలోగ్లఖ్‌లు కదా, గొడ్డలి అతికినట్టు సరిపోయింది. కానీ కోట పేరులో ఉన్నది గొడ్డలి కాదు, ‘తువహ్’, అంటే సీమ, ఒక తెగ ఉండే ప్రాంతం. సీమల మాక్ స్వీనీలు వాళ్ళు. రెండు మాటల్లోనూ త ద గా మారింది, రెండింటి చివరి హల్లూ నోట్లో కరిగిపోయింది. ఐరిష్ స్పెల్లింగ్ చూసి ఉంటే తేడా ఒక్క క్షణంలో తెలిసేది. మీ బాక్సులో గాజు వచ్చి చేరింది కూడా సరిగ్గా ఈ దారిలోనే, ఇంగ్లిష్ రాత చూసి అర్థం చెప్పడం వల్ల.

1601లో ఐరిష్ ప్రభువులు ఇంగ్లిష్ సైన్యం చేతిలో ఓడిన కిన్సేల్ యుద్ధం నాటికి తుపాకులు, పొడవాటి బల్లేలు వచ్చి ఈ గొడ్డలి వృత్తి దాదాపు ముగిసిపోయింది. 1607లో ఇక్కడి ప్రభువులు దేశం విడిచి ఓడెక్కింది మాక్ స్వీనీల ఊరైన రాత్‌మల్లన్ రేవు నుంచే. అయితే ‘ఓగ్లఖ్’ మాట పోలేదు. 1913లో డబ్లిన్‌లో ఏర్పడిన ఐరిష్ వాలంటీర్లు తమ భాషలో పెట్టుకున్న పేరు ‘ఓగ్లీ న హేరన్’, ఐర్లాండ్ యోధులు. ఈనాటి ఐర్లాండ్ రక్షణ దళాల అధికారిక పేరు కూడా అదే, సైనికుల టోపీ బ్యాడ్జి మీద ఉంటుంది. గలోగ్లీలోని లీ, ఈ ఓగ్లీలోని లీ ఒకటే బహువచనం.

అందుకని నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. షేక్‌స్పియర్ నాటకంలోని మాటగా చెప్పేటప్పుడు ‘గాలోగ్లాస్’ అనే ఉంచవచ్చు, ఆయన రాసింది అదే కాబట్టి. ఐర్లాండ్ చరిత్ర చెప్పేటప్పుడు ‘గలోగ్లఖ్’ అని రాయండి. బహువచనానికి ఐరిష్ రూపం పెట్టనక్కర్లేదు, మన ‘లు’ చేర్చి గలోగ్లఖ్‌లు అంటే సరిపోతుంది. అర్థం: పదమూడో శతాబ్దం నుంచి స్కాట్లాండ్ పడమటి ద్వీపాల నుంచి వచ్చి, ఐరిష్ ప్రభువుల దగ్గర జీతానికి పనిచేసిన, కవచం తొడిగి గొడ్డలి పట్టిన కాల్బలం యోధుడు. బాక్సులో చోటు తక్కువైతే ‘పరదేశపు బంటు’ అని రెండు మాటలు వేసినా చాలు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
లెటర్‌కెన్నీ, డోనెగాల్ కౌంటీ, ఐర్లాండ్